కోడిపిల్లల పాకలో వేడి బల్బులు: ఊక నల్లబడితే ఏం చూడాలి

అడిగిన సంగతి ఇది. రావులపాలెం దగ్గర పల్లెలో 10 అడుగులు, 12 అడుగుల తాటాకు పాక. అందులో 6 రోజుల వయసున్న నాటుకోడి పిల్లలు 300. వేడి కోసం 100 వాట్ల మామూలు బల్బులు ఆరు, వైరుతోనే వాసాలకు వేలాడదీశారు. పొద్దున్న చూస్తే ఒక బల్బు మిగతావాటికన్నా జానెడు కిందికి జారి ఉంది, దాని కింద అరచేతి మేర ఊక నల్లగా మాడింది. వీటిని తీసేసి 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ (వేడి కిరణాలిచ్చే) బల్బులు రెండు పెడితే భయం ఉండదా అని ప్రశ్న.

జవాబు చదివే ముందు ఒక పని చేసి రండి. మెయిన్ ఆపి, నల్లబడిన చోటు చుట్టూ రెండడుగుల మేర ఊకను నేల కనబడేదాకా పారతో ఎత్తండి. ఇనపతట్టలో పాకకు దూరంగా తీసుకెళ్లి, నీళ్లు పోసి కలియబెట్టండి. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంది కదా అని వదిలేయొద్దు. ఊకలో నిప్పు మంటగా లేవదు, లోపల్లోపల పాకుతుంది. ఊకలో ఐదో వంతుకు దగ్గరగా బూడిదే, అదీ చాలావరకు సిలికా. కాలిన పొర పెంకులా పైన నిలబడి కింది వేడిని దాచేస్తుంది. ఊకపొయ్యి వాడిన ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి, రాత్రి ఆర్పేశామనుకున్న పొయ్యి తెల్లారి కెలికితే ఎర్రగా కనబడేది. పాకలోనూ అంతే. మాడిన మచ్చ కనబడిన పూట కాకుండా ఆ మర్నాటి రాత్రి అంటుకునే పాకలు ఇందుకే ఉంటాయి.

ఇక ప్రశ్నకి వద్దాం. ఇన్‌ఫ్రారెడ్‌కి మారినంత మాత్రాన భయం పోదు. మీ పాకలో తప్పు బల్బుది కాదు, దాన్ని పట్టుకున్నదానిది.

మామూలు ఫిలమెంటు బల్బు తినే కరెంటులో పదింట తొమ్మిది వంతులు వేడిగానే బయటికొస్తుంది. చుట్టూ గాలి ఆడుతున్నంతసేపూ గాజు ఆ వేడిని వదిలేస్తూ ఉంటుంది. అదే గాజు ఊకకి ఆనిందంటే వేడి పోయే దారి మూసుకుపోయి 200 డిగ్రీల సెల్సియస్ దాటేస్తుంది. ఊక మాడడం ఆ దరిదాపుల్లోనే మొదలవుతుంది. మరి బల్బు ఎందుకు జారింది? బల్బు తల కిందికి, హోల్డరు పైకి ఉంటుంది గనక లేచిన వేడంతా తిన్నగా హోల్డరుకీ, దానిమీది వైరుకీ తగులుతుంది. మామూలు వైరు మీద ఉండే పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకా తట్టుకునేలా చేసింది. రాత్రంతా వేడి తగిలేసరికి మెత్తబడి, వాసానికి వేసిన ముడి కొంచెం కొంచెం జారుతుంది. రెండో రాత్రి ఇంకొంచెం. మీరు చూసింది ఆ జారుడే. కరెంటు తీసుకెళ్లాల్సిన వైరుతో బరువు మోయించడమే అసలు తప్పు.

ఇప్పుడు దాని స్థానంలో 250 వాట్ల బల్బు ఊహించండి. బరువు ఎక్కువ, వేడి రెండున్నర రెట్లు, వేలాడదీసేది అదే వైరు. పైగా రెండే బల్బులంటే ఒకటి మాడితే సగం వేడి ఒక్కసారి పోతుంది. రాత్రి రెండింటికి అలా జరిగితే పిల్లలన్నీ రెండోదాని కిందికి ఎగబడి, అడుగునవి ఊపిరాడక చస్తాయి. చలికాలంలో పిల్లకి 2 వాట్లు, వేసవిలో 1 వాట్ అన్నది మన వైపు పాటించే లెక్క. మీకున్న 300కి 600 వాట్లు చాలు, మీ ఆరు బల్బులూ సరిగ్గా అంతే. ఆరులో ఒకటి పోతే ఆరో వంతే పోతుంది. ఎత్తు తక్కువ తాటాకు పాకకి ఆరు చిన్న బల్బులే రెండు పెద్దవాటికన్నా నయమని నా లెక్క. ఇన్‌ఫ్రారెడ్ ఎత్తయిన రేకుల షెడ్డుకి బాగుంటుంది. పెట్టి తీరాలనుకుంటే ఊకకీ బల్బుకీ మధ్య 18 అంగుళాలకి ఒక్క అంగుళం కూడా తగ్గొద్దు.

వేలాడదీయడం గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, చాలా ప్రమాదాలు ఇక్కడే మొదలవుతాయి. తాటాకుకీ వాసాలకీ ఏదీ కట్టొద్దు. పాక రెండు వైపులా ఉన్న గుంజలకి అడ్డంగా ఒక జీఐ (జింకు పూత ఇనుము) పైపు బిగించండి, బల్బులన్నీ దాన్నుంచే దిగాలి. బల్బు మీది రేకు గొడుగు అంచుకీ తాటాకుకీ మధ్య కనీసం మూడడుగుల ఖాళీ ఉండేలా పైపు ఎత్తు చూసుకోండి. ప్రతి గొడుగుకీ సన్నని ఇనప గొలుసు, ఎస్ ఆకారపు కొక్కెం. వారంవారం బల్బు రెండు మూడు అంగుళాలు పైకి లేపాలి గనక గొలుసైతే కడియం మార్చి తగిలించుకోవచ్చు, ముడి విప్పి కట్టే పని ఉండదు. గొలుసు కాక, విడిగా ఒక జీఐ తీగని గొడుగు నుంచి పైపుకి కాస్త వదులుగా చుట్టి ఉంచండి. కొక్కెం ఊడినా, ఎవరి తలో తగిలినా తీగ పట్టుకుంటుంది. ఆ తీగ పొడవు ఎంతంటే, గొలుసు తెగి తీగ మీద నిలిచినప్పుడు కూడా బల్బు ఊకకి అడుగు ఎత్తులో ఉండాలి. గొలుసు విప్పి, వదిలి, టేపుతో కొలిచి చూడండి. వైరు మాత్రం వదులుగా వంపు తిరిగి ఉండాలి. అది బిగువుగా కనబడిందంటే బరువు దానిమీద పడుతోందన్నమాట.

వెదురు తట్ట బోర్లించి పైన గోనెసంచి కప్పి గొడుగుగా వాడడం మన ఊళ్లలో మామూలే. వేడి బాగా నిలుస్తుంది, నిజమే. నిలిచిన వేడి హోల్డరుని ఉడకబెట్టేస్తుంది. రేకు గొడుగు వాడండి, హోల్డరు చుట్టూ నాలుగైదు చిల్లులు కొట్టించండి, వేడిగాలి పోతుంది. గొడుగు కింద అరంగుళం కళ్ల ఇనపజాలీని బుట్టలా వంచి, బల్బుకి నాలుగంగుళాల ఎడంగా బిగిస్తే బల్బు హోల్డరు నుంచి ఊడినా జాలీలోనే ఆగుతుంది.

అవును, బల్బులు ఊడతాయి. మామూలు పిన్ను హోల్డరు నల్ల బేకలైటుతో చేసింది. గంటల తరబడి వేడికి అది పెళుసెక్కి నెర్రెలిస్తుంది, లోపలి స్ప్రింగు బిగువు పోతుంది. నెర్రె కనబడిన హోల్డరు, వాసనేస్తున్న హోల్డరు, బల్బు తిప్పితే కటకటలాడే హోల్డరు తీసి పారేయండి. పింగాణీ హోల్డరు తెచ్చుకోండి. ఇన్‌ఫ్రారెడ్ బల్బులకి ఎలాగూ మర హోల్డరు కావాలి, దానికి ఒక మెలిక ఉంది: ఫేజు మధ్య బొడిపెకీ, న్యూట్రల్ బయటి మరకీ రావాలి. తిరగబడితే బల్బు తీసేటప్పుడు వేలికి తగిలే మరలోనే కరెంటు ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు అటూ ఇటూ ఎలాగైనా దూరుతుంది గనక దానితో ఈ భరోసా ఎప్పటికీ ఉండదు. మూడు పిన్నులదే వాడండి, టెస్టరు పెట్టి చూడండి.

వైరింగు సంగతి. 600 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 2.6 ఆంపియర్లు. చిన్న లోడే. 6 ఆంపియర్ల సాకెట్టు కూడా మోస్తుంది. అయినా మెలికల వైరు, అదే 14/36, వద్దు. 14 పోగులు కలిపినా అర చదరపు మిల్లీమీటరు కూడా రాదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రాగి కేబులు తీసుకోండి. అంతకన్నా ముఖ్యం జాయింట్లు. రెండు తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన చోట పట్టు వదులైతే అక్కడ ఒక ఓమ్ అడ్డు ఏర్పడిందనుకోండి. 2.6 ఆంపియర్లకి ఆ ఒక్క చోటే దాదాపు 7 వాట్ల వేడి పుడుతుంది. 7 వాట్లు బల్బుకి లెక్కలోది కాదు గానీ అగ్గిపుల్ల తలంత చోట 7 వాట్లంటే టేపు కరిగి కారుతుంది. కింద ఊక.

ఎంసీబీ ఉంది కదా, పడిపోదా అంటారు. పడదు. ఎంసీబీ చూసేది కరెంటు మోతాదు దాటిందా అని. వదులు జాయింటులో కరెంటు పెరగదు, ఇంకొంచెం తగ్గుతుంది. ఆర్‌సీసీబీ చూసేది వెళ్లిన కరెంటంతా తిరిగొచ్చిందా అని. ఇక్కడ మొత్తం తిరిగే వస్తుంది. కాబట్టి అదీ పడదు. ఊకలో పడిన బల్బుకీ అంతే, అది హాయిగా తన 100 వాట్లు తను తింటూ ఉంటుంది. ఈ రెండు పరికరాలూ వద్దని కాదు. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ తడికాళ్లతో పాకలోకి వెళ్లే మనిషి ప్రాణానికి కావాలి, 6 ఆంపియర్ల ఎంసీబీ వైరుకి కావాలి. 32ది పెట్టి ఉంటే అది మీ వైరుకి కాపలా కాయదు. కానీ నిప్పు పుట్టే రెండు ముఖ్యమైన దారులూ వాటి కంటికి కనబడవు.

అందుకే పాకలో జాయింటే లేకుండా చూడటం మేలు. ప్రతి బల్బు వైరూ తిన్నగా గోడబోర్డు దాకా రానివ్వండి, లేదా పింగాణీ కనెక్టరులో మరలు బిగించి మూతున్న పెట్టెలో పెట్టండి. ఇంటి పాత వైరింగు అల్యూమినియందైతే దానికి రాగి తీగని మెలిపెట్టడం మన తేమ గాలిలో మరీ చెడ్డది, ఏడాది తిరక్కుండా మెలిక దగ్గర బూడిదరంగు పొడి పడుతుంది. వైర్లని పీవీసీ గొట్టంలో నడపండి, ఎలుకలు ఊరుకోవు. బోర్డు మాత్రం పాక బయట, తలుపు పక్కన, వాన పడని చోట. లోపల పొగ ఉన్నప్పుడు లోపలి స్విచ్చు ఎందుకూ పనికిరాదు. ఆరు బల్బుల్నీ మూడేసి చొప్పున రెండు లైన్లుగా చేయండి, ఒక లైను పోయినా సగం వెలుగు ఉంటుంది.

రేకు గొడుగులకి ఎర్తు ఇవ్వాలి. డెల్టా నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి ఎర్తు రాడ్డు తేలిగ్గానే పనిచేస్తుంది. చిక్కు వేరే ఉంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు నేలల్లో జీఐ తీగ సరిగ్గా మట్టిలో దిగే చోట తుప్పు పట్టి తెగిపోతుంది. పైకి కనబడే తీగ బాగానే ఉంటుంది. ఏడాదికోసారి చేత్తో లాగి చూడటమే పరీక్ష.

వేడిని బట్టి బల్బుల్ని తనే వెలిగించి ఆర్పే థర్మోస్టాట్ పెడితే ఈ బాధలన్నీ తీరతాయని చాలామంది అనుకుంటారు. ఎస్‌టీసీ-1000 లాంటి చవక డిజిటల్ కంట్రోలరు పెట్టుకోండి, మంచిదే. మన దగ్గర సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున 18 డిగ్రీలు, మధ్యాహ్నం 28, 30. మధ్యాహ్నం బల్బులు ఆర్పడం మర్చిపోయే మనుషులకి అది పనికొస్తుంది. అయితే అది పాడైతే ఎటు పాడవుతుందో తెలుసుకోవాలి. చల్లటి ఫిలమెంటు వెలిగిన ఆ క్షణంలో మామూలుకన్నా పది రెట్లకి పైగా కరెంటు లాగుతుంది. రోజుకి వందసార్లు వెలిగి ఆరితే దానిలో స్విచ్చు పని చేసే రిలే లోపలి ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, బల్బులు ఇక ఆరవు. సెన్సరు ఊడి తడి ఊకలోనో కంచె బయటో పడినా అంతే, దానికి చలిగానే కనబడుతుంది, బల్బులు మధ్యాహ్నం కూడా వెలుగుతూనే ఉంటాయి. అందుకని మూడు బల్బుల్నే దానికి ఇచ్చి, మూడు చేతి స్విచ్చుకి వదలండి. వెలిగే వేడికీ ఆరే వేడికీ మధ్య తేడా కనీసం 2 డిగ్రీలు పెట్టండి, ఊరికే టపటపలాడదు. సెన్సరుని ఊకకి రెండంగుళాల పైన, పిల్ల వీపు ఎత్తులో, గొడుగు అంచు దగ్గర పుల్లకి కట్టండి. బల్బుకి తిన్నగా కింద కాదు.

అక్కడ ఉండాల్సిన వేడి మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్, తర్వాత వారానికి సుమారు 3 తగ్గిస్తూ నాలుగో వారానికి 26. మీటరు కన్నా పిల్లలే నిజం చెప్తాయి. బల్బు కింద ముద్దగా చేరి కీచుమంటే చలి. కంచెకి అంటుకుని రెక్కలు జారేసి నోరు తెరిస్తే వేడి. అన్నీ ఒక పక్కకే చేరితే ఎదుటివైపు నుంచి గాలి కొడుతోంది. అక్కడక్కడా చెదిరి మేస్తూ, పడుకుంటూ ఉంటే ఏదీ ముట్టుకోకండి. కంచె గుండ్రంగా, ఒకటిన్నర అడుగుల ఎత్తు రేకుతో, మీ 300కి 8 అడుగుల వెడల్పు చాలు. మూలలు ఉంటే పోగుపడి చస్తాయి. నీళ్ల కుండీలు కంచె అంచుకి జరపండి. బల్బు కింద ఉంటే చిందిన చుక్క తగిలి వేడి గాజు పగులుతుంది.

మీ పాకకి ఇంకొకటి చేయదగింది. బల్బుల కింద నాలుగడుగుల మేర ఊక తీసేసి, రెండంగుళాల మందాన ఎండిన గోదారి ఇసుక పరవండి. ఇసుక అంటుకోదు. ఏమి ఊడిపడినా దానిమీదే పడుతుంది. వేడి కూడా కాసేపు పట్టి ఉంచుతుంది.

వోల్టేజి. చేపల, రొయ్యల చెరువుల నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆడే లైన్లలో రాత్రంతా వోల్టేజి కుంగుతుంది. 180కి దిగితే బల్బు ఇచ్చే వేడి మూడింట రెండొంతులకి పడిపోతుంది. పిల్లలు ముద్దకట్టాయని మీరు బల్బులు కిందికి దించుతారు. తెల్లవారుజామున ఏరియేటర్లు ఆపగానే వోల్టేజి 250కి లేస్తుంది, దించిన బల్బు ఊకకి దగ్గరగా ఇంకా వేడిగా మండుతుంది. 250 దగ్గర ఫిలమెంటు బల్బు ఆయుష్షు మూడో వంతుకి పడిపోతుందని కూడా గుర్తుంచుకోండి. వోల్టేజి తగ్గినప్పుడు బల్బులు దించొద్దు. ఏడో బల్బు, ఎనిమిదో బల్బు సిద్ధంగా ఉంచుకుని వెలిగించండి.

కరెంటు పోయినప్పుడు చేసే పని ఒకటి చాలా ప్రమాదం. చలికి ఆగలేక కంచె మీద, గొడుగుల మీద గోనెసంచులు, దుప్పట్లు కప్పుతారు. కప్పాలి, తప్పులేదు. కానీ కప్పేముందు బయటి మెయిన్ ఆపేయాలి. లేదంటే మీరు నిద్రపోయాక రెండింటికి కరెంటు వచ్చి, సంచుల కింద ఆరు బల్బులూ వెలుగుతాయి. చీకట్లో పిల్లలు బెదిరి పోగుపడకుండా చార్జింగు ఎల్‌ఈడీ ఒకటి వెలిగించండి. దానినుంచి వేడి రాదు, వెలుగు కోసమే. ఇన్వర్టరు ఉంటే, 150 ఏహెచ్ బ్యాటరీ మీద మూడు బల్బులు అంటే 300 వాట్లు మూడు నాలుగు గంటలు నెట్టుకురావచ్చు.

బొగ్గుల కుంపటి, పిడకల దాలి తాటాకు పాకలో పెట్టకండి. నాలుగు వైపులా బరకాలు దించిన పాకలో కుంపటి కార్బన్ మోనాక్సైడుతో నింపేస్తుంది. దానికి వాసన లేదు. పిల్లలతో పాటు కాపలాకి పడుకున్న మనిషీ లేవడు. కుంపటి లేకపోయినా బరకాలు పైన అడుగు వదిలి కట్టాలి, లేకపోతే రెట్ట ఘాటుకి పిల్లల కళ్లు కారతాయి. ఉత్తరపు గాలికి బరకం లోపలికి ఉబ్బి బల్బుకి తగలకుండా కిందా మీదా తాడు కట్టండి. కరిగిన బరకం మండుతూ చుక్కలుగా రాలుతుంది.

పగలవని చెప్పి అమ్మే పూత బల్బులు కొందరు తెస్తారు. కొన్నిటి మీద నాన్‌స్టిక్ పెనాల మీద ఉండే టెఫ్లాన్ జాతి పూతే ఉంటుంది. బాగా వేడెక్కితే దాన్నుంచి వచ్చే ఆవిరి మనకి తెలియదు గానీ పక్షుల ఊపిరితిత్తులు తట్టుకోలేవు, గంటల్లో పోతాయి. పూత లేని గాజు బల్బే తీసుకోండి.

ఈ సాయంత్రానికి రావులపాలెం వెళ్లి ఇవన్నీ కొనే తీరిక లేకపోతే ఇలా చేయండి. ఆరు బల్బుల్నీ దించి, హోల్డర్లు చూసి, నెర్రె ఉన్నవి పక్కన పెట్టండి. గుంజకీ గుంజకీ మధ్య ఉన్న పైపో, ఎండు సరుగుడు కర్రో అడ్డంగా కట్టి, ప్రతి హోల్డరు మెడకి జీఐ తీగ రెండు చుట్లు వేసి దాన్నుంచి వేలాడదీయండి. మెయిన్ ఆపి ఉన్నప్పుడే సుమా. తీగ లోహపు కొస ఏదీ హోల్డరు లోపలికి దూరకూడదు. బల్బుకీ కింద ఉన్నదానికీ మధ్య 15 అంగుళాలు ఉంచండి. ఇసుక పరవండి. రెండు గంటలు వెలిగించాక మెయిన్ ఆపి, ప్లగ్గునీ, సాకెట్టునీ, ప్రతి జాయింటునీ చేతి వెనకవైపుతో తాకి చూడండి. గోరువెచ్చదనం దాటి ఏదైనా ఉంటే అది వదులైన చోటు, దాన్ని విప్పి బిగించేదాకా ఆ లైను వెలిగించొద్దు. తలుపు దగ్గర రెండు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల నీళ్లు ఉంచండి. పొగ కనబడితే ముందు మెయిన్, తర్వాత నీళ్లు. తాటాకుకి మంట అందుకుంటే 101కి ఫోన్ చేసి బయటే ఉండండి, కోడిపిల్లల కోసం లోపలికి వెళ్లొద్దు. పదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి అలారం పెట్టుకుని చూసి రండి. వెళ్లినప్పుడు వేడి మీటరు కన్నా ముందు ముక్కుకి పని చెప్పండి, ఊక మాడిన వాసన మచ్చ కనబడకముందే తెలుస్తుంది.